షేక్ చేతికి దొరకని తుపాకి

తుపాకులు బాగుచేసే ఖల్ఫాన్ తన కొట్లో పడి చనిపోయిన చోట సిమెంటు నేల మీద నెత్తురు ఎండి నల్లబడింది. ఆ మరక మధ్యలో వేలెడంత జాగా మాత్రం బూడిద రంగులోనే మిగిలిపోయింది. లెఫ్టినెంట్ రయ్యా మోకాళ్ళ మీద కూర్చుని ఆ జాగానే చూస్తోంది. ఖాళీ తూటా దొరికింది అక్కడే. మొన్న ఫొటోలు తీసిన కానిస్టేబుల్ దాన్ని చేత్తో తీయబోతే రాలేదట. చాకు మొనతో ఊడదీశాడు. చాకు గీసిన గీత ఇంకా తెల్లగా కనిపిస్తోంది.

"నస్రా, ఇంకొక్కసారి చెప్పు. నువ్వొచ్చేసరికి ఈ నెత్తురు తడిగా ఉందా?"

ఖల్ఫాన్ కూతురు నస్రా గడప అవతలే నిలబడింది. తాళంచెవి గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

"లేదక్కా. మధ్యాహ్నం జొహర్ నమాజు అయ్యాక అన్నం తెచ్చాను. అప్పటికే ఎండిపోయింది. నాన్న తల ఒళ్ళో పెట్టుకున్నాను కదా, నా బట్టలకి మరక కూడా అంటలేదు."

"తుపాకిని ముట్టుకున్నావా?"

"లేదు."

"కాలు తగిలిందేమో?"

"అటు వైపే పోలేదక్కా. ఎన్నిసార్లు అడుగుతారు?"

"నువ్వు చెప్పేది ప్రతిసారీ ఒకేలా ఉండాలి. అందుకే అడుగుతున్నాను."

నస్రా తల దించుకుంది. తనతో తాను అనుకుంటున్నట్టుగా అంది. "నాన్నని సాగనంపే జనాజా నమాజుకి ఒక్క వరస కూడా నిండలేదు. నలభై ఏళ్ళు ఈ ఊళ్ళో ప్రతి ఇంటి తుపాకీ మా నాన్న చేతుల్లోనే బాగుపడింది. ఆ ఇళ్ళవాళ్ళెవరూ రాలేదు. దొంగతనం చేశాడు, దొరికిపోయి తనని తానే కాల్చుకున్నాడు అని ఊరంతా చెప్పుకుంటున్నారు. సాయంత్రం మీరు కూడా అదే రాసి మూసేస్తారట."

"నేను రాయను."

"ఆయన రాస్తాడుగా!"

ఆ ఆయన అప్పటికే సందు మలుపు తిరిగి వస్తున్నాడు. కెప్టెన్ ముంధిర్ రాజధాని నుంచి నిన్న రాత్రి దిగాడు. వస్తూనే నిపుణుడి నివేదిక తెచ్చాడు. శవం పక్కన దొరికిన పాతకాలపు మార్టిని తుపాకి నకలని, దాని మీది అంకెలు అచ్చు కొట్టినవి కావని, ఉలితో చెక్కినవని అందులో ఉంది. అసలు తుపాకి సుమైరా లోయకి పెద్ద అయిన షేక్ ముహన్నాది. ఆయన ముత్తాత యుద్ధానికి పట్టుకెళ్ళినది. బాగుచేయమని ఖల్ఫాన్‌కి పంపితే, అసలుది దాచేసి నకలు పెట్టాడని కెప్టెన్ తేల్చేశాడు.

"ఇంకా నేలనే చూస్తున్నారా లెఫ్టినెంట్? ఊడ్చే పని కూడా మీకే అప్పగించారా?" కెప్టెన్ నవ్వుతూ లోపలికొచ్చాడు.

రయ్యా లేచి మోకాళ్ళు దులుపుకుంది. "సార్, మీరు మార్టిని ఎప్పుడైనా పేల్చారా?"

"మ్యూజియంలో ఉండాల్సిన సామాను నేను పేల్చను."

"అయితే ఒక్క మాట వినండి. ఇందులో ఒకసారికి ఒకే తూటా పడుతుంది. పేలాక ఖాళీ తూటా లోపలే ఉండిపోతుంది. కింద ఉన్న లీవరు దించితేనే బయటికి ఎగిరి పడుతుంది. మీ ఫొటోలో లీవరు దించి ఉంది. ఖాళీ తూటా నేల మీద ఉంది. గుండెలో తూటా దిగిన మనిషి లీవరు దించి, ఖాళీ తూటా తీసేసి, తుపాకిని పద్ధతిగా పక్కన పెట్టి, ఆ తర్వాత చచ్చిపోయాడంటారా?"

కెప్టెన్ ముఖంలో నవ్వు చెదరలేదు. "కూతురు దించి ఉంటుంది. కంగారులో చేసినవి గుర్తుండవు."

"నేను ముట్టుకోలేదు!" గడప అవతలి నుంచి నస్రా గట్టిగా అంది.

"ఆమె వచ్చేసరికి నెత్తురు ఎండిపోయింది సార్. ఎండిన నెత్తుటి మీద తూటా పడితే దొర్లిపోతుంది. ఇది చాకు పెడితే గానీ ఊడలేదు. అంటే నెత్తురు పారుతున్నప్పుడే ఇది నేల మీద ఉంది. పేలిన నిమిషంలోనో రెండు నిమిషాల్లోనో ఎవరో లీవరు దించారు."

కెప్టెన్ నేల వంక చూశాడు. బూట్లు ఒక అడుగు వెనక్కి జరిపాడు. "పోనీ, ఎవరో దారిన పోయేవాడు మోత విని వచ్చాడు. లీవరు దించాడు. భయపడి పారిపోయాడు."

"ఈ సందులో తుపాకి మోత వింటే ఎవరూ తల కూడా తిప్పరు. ఖల్ఫాన్ రోజుకొకటి పేల్చి చూసేవాడు. పైగా దారిన పోయేవాడు శవాన్ని చూస్తే తుపాకి జోలికి పోడు. అది ఆలోచించి చేసిన పని కాదు సార్, అలవాటు మీద చేసిన పని. మా అమ్మది సుమైరా. అక్కడ మూసిన తుపాకిని ఎవరూ కింద పెట్టరు. లీవరు దించి, లోపల ఖాళీగా ఉందని ఇంటివాళ్ళకి చూపించాకే పెడతారు. అలా చేయకపోతే ఆ ఇంటిని శత్రువుల ఇల్లు అన్నట్టే. అక్కడి పిల్లలు చెప్పులు తొడుక్కోవడం రాకముందే అది నేర్చుకుంటారు."

"అమ్మగారి ఊరి ఆచారం పట్టుకుని హంతకుణ్ణి పట్టేస్తారన్నమాట! కోర్టులో అమ్మగారినే సాక్షిగా పిలుద్దామా?"

రయ్యా గోడ వైపు నడిచింది. కొయ్య చీలకు తోలు పటకా వేలాడుతోంది. తుపాకితో పాటు షేక్ ఇంటి నుంచి వచ్చిన తూటాల పటకా అది. వరసగా తూటాలున్నాయి. మధ్యలో ఒక్క గూడు ఖాళీ. ఆ గూడు అంచున తోలు విరిగి లేత రంగు బయటపడింది. ఏళ్ళ తరబడి కదలని తూటాని ఎవరో తొందరలో లాగారు.

"దీన్ని ఎవరూ ముట్టుకోలేదు కదా?"

"అవసరమేముంది? ఆ తూటా కూడా ఖల్ఫానే తీసుకున్నాడు."

"వేలిముద్రలు చూస్తే తెలుస్తుంది. సాయంత్రం అసర్ నమాజు తర్వాత ముద్రలవాళ్ళు వస్తారు. అందాకా ఇది ఈ చీలకే ఉండాలి. కానిస్టేబుల్‌ని కాపలా పెడుతున్నాను."

"కానిస్టేబుల్ నాతో వస్తాడు. మూసేసే కేసుకి కాపలా ఎందుకు?" కెప్టెన్ వాచీ చూసుకున్నాడు. "షేక్ మధ్యాహ్నం స్టేషన్‌కి వస్తున్నాడు. వాంగ్మూలం ఇచ్చి వెళ్ళిపోతాడు. అసర్ నమాజుకి ముందే నేను సంతకం పెట్టేస్తాను. అందాకా మీకేం కావాలో చూసుకోండి."

అతను వెళ్ళిపోయాక నస్రా మొదటిసారి గడప దాటి లోపలికొచ్చింది. తండ్రి కూర్చునే పీట మీద కూర్చుంది.

"నేనుంటాను కాపలా. లోపల గడియ వేసుకుంటాను."

రయ్యా ఒక్క క్షణం తటపటాయించింది. స్టేషన్‌లో షేక్‌తో మాట్లాడే అవకాశం ఒక్కసారే దొరుకుతుంది. "నేను చెప్పిందాకా ఎవరికీ తలుపు తియ్యకు," అని నస్రా ఫోను నంబరు మరోసారి సరిచూసుకుని బయల్దేరింది.

*

షేక్ ముహన్నా వచ్చేసరికి స్టేషన్‌లో ఉన్నవాళ్ళందరూ లేచి నిలబడ్డారు. ఆయన ఎడమ చెయ్యి సిమెంటు కట్టులో, మెడకి కట్టిన గుడ్డలో ఉంది. పక్కనే కొడుకు హారిబ్, తండ్రి మోచెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు. ముప్పై ఏళ్ళవాడు, మర్యాదస్తుడు. రయ్యాని చూసి గుమ్మం పక్క బల్ల దగ్గర నుంచి తప్పుకుని దారిచ్చాడు.

"మా నాన్నకి ఎక్కువసేపు కూర్చోవడం కష్టం అక్కా. త్వరగా వదిలేయండి."

"త్వరగానే అవుతుంది. నువ్విక్కడే ఉండు."

ఆమె గది గుమ్మంలో ఆగి, బయట కూర్చున్న గుమాస్తాతో అంది. "ముద్రలవాళ్ళకి ఫోన్ చేసి గుర్తు చెయ్యి. పటకా ఖల్ఫాన్ కొట్లోనే ఉంది, తాళంచెవి వాళ్ళమ్మాయి దగ్గరుంది." తలుపు వేస్తుండగా హారిబ్ ఎవరో తెచ్చిచ్చిన కహ్వా కాఫీ కప్పు అందుకుంటూ కనిపించాడు.

లోపల బల్ల మీద మార్టిని తుపాకి పడుకోబెట్టి ఉంది. గొట్టానికి వెండి పట్టీలు. భుజానికి ఆనించే కర్ర మడమ మూలన ఒక చిన్న ఇనప క్లాంపు బిగించి ఉంది. కెప్టెన్ ముంధిర్ కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు.

"షేక్ గారూ, ఇది లాంఛనం. ఖల్ఫాన్‌కి మీరు తుపాకి ఎప్పుడిచ్చారు?"

"పండగైన వారానికి."

"అది అసలుదేనని మీకు నమ్మకమే కదా?"

"మా ముత్తాతది. పండగకి తప్ప మా ఇంటి గోడ దిగి ఎక్కడికీ పోలేదు."

"అంతే. సంతకం పెట్టండి."

"ఒక్క నిమిషం." రయ్యా కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. "షేక్ గారూ, మంగళవారం పొద్దున, చనిపోయే ముందు, ఖల్ఫాన్ మీకు ఫోన్ చేశాడు. ఏం చెప్పాడు?"

ముసలాయన ఆమె కళ్ళలోకి చూశాడు. "ముఖాముఖీ చెప్పాల్సిన మాట ఉంది, రమ్మన్నాడు."

"వెళ్ళారా?"

కెప్టెన్ కలం పట్టుకుని ఆగిపోయాడు.

"మీరు సుమైరా మనిషి. నేను ఆ ఊరి ఆడపడుచు కూతుర్ని," రయ్యా మెల్లగా అంది. "అక్కడ మూసిన తుపాకిని కింద పెట్టరని మీరు నాకు చెప్పనక్కర్లేదు. ఖల్ఫాన్ పక్కన తుపాకి లీవరు దించి ఉంది."

షేక్ బాగున్న చేతిని బల్ల మీద పెట్టాడు.

"దించింది నేనే తల్లీ. పేల్చిందీ నేనే. రాసుకోండి."

కెప్టెన్ కుర్చీ కిర్రుమంది. అతను ముందుకి వంగాడు. అరగంట కిందటి దాకా ఆత్మహత్యే అన్న మనిషి కళ్ళు ఇప్పుడు మెరుస్తున్నాయి. "ఎందుకు పేల్చారు?"

"మా తుపాకి దొంగిలించాడు. నా ముత్తాత వస్తువు మార్చేసి, నకలు చేతిలో పెట్టాడు. అడిగాను. మాటా మాటా పెరిగింది."

"రాస్తున్నాను," అన్నాడు కెప్టెన్.

"రాయకండి," అంది రయ్యా.

"లెఫ్టినెంట్! పొద్దుటి నుంచి హత్య, హత్య అని నా తల తిన్నారు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాడు. ఇంకేం కావాలి మీకు? పతకమా?"

"షేక్ గారూ, ఈ తుపాకి ఎత్తి నా గుండెకి గురిపెట్టండి."

ముసలాయన కదల్లేదు.

"ఒక్క చేత్తో లీవరు దించగలరు. ఒక్క చేత్తో నాలుగు కిలోల తుపాకి పట్టుకుని, ఎదురుగా నిలబడ్డ మనిషి గుండెలో సరిగ్గా కాల్చలేరు. మణికట్టు విరిగి ఇంకా నెల కాలేదు. కెప్టెన్ గారూ, మీకు తెలియదేమో. పండగనాడు రజ్‌హా అనే తుపాకుల ఆటలో షేక్ గారు అందరూ చూస్తుండగా తుపాకిని గాల్లోకి విసిరి, పట్టుకోలేక పోయారు. అది ఎడమ మణికట్టు మీద పడి, అక్కణ్ణుంచి బండరాయికి తగిలింది."

షేక్ ముఖం ఎర్రబడింది. నాడి పట్టుకున్నట్టుగా కట్టు మీద చెయ్యి వేసుకున్నాడు. "ఆ మాట ఎత్తకు."

"ఎత్తక తప్పదు. యాభై ఏళ్ళుగా ఆ ఆట ముందుండి ఆడించారు. ఒక్కసారీ తప్పలేదు."

"ముసలితనం వచ్చింది. అంతకంటే ఏముంది? పిల్లకాయలంతా ఫోనుల్లో తీసుకుని నవ్వుకున్నారు. ఇక చాలు."

"కళ్ళు మూసుకోండి." ఆమె బల్ల మీది తుపాకిని రెండు చేతులా ఎత్తింది. "కుడి అరచెయ్యి చాచండి. మీ ముత్తాత తుపాకి ఏ చోట పట్టుకుంటే అటూ ఇటూ ఒరగకుండా నిలుస్తుందో ఆ చోట పట్టుకోండి. నేను వదిలేస్తాను."

ఆయన ఆమె వంక అయోమయంగా చూశాడు. తర్వాత కళ్ళు మూసుకున్నాడు. అరచెయ్యి తుపాకి కిందుగా పోయి, లీవరుకి కాస్త ముందు, వెతుక్కోకుండా ఆగింది. రయ్యా చేతులు వదిలింది. తుపాకి గొట్టం వైపుకి ఒరిగింది. ఆమె పట్టుకుంది.

"ఇంకోసారి."

ఆయన అదే చోట పట్టుకున్నాడు. మళ్ళీ ఒరిగింది. మూడోసారి ఆయనే చెయ్యి ముందుకి జరిపాడు, ఇంకా ముందుకి. నాలుగు వేళ్ళ దూరం జరిగాక తుపాకి నిలిచింది. కళ్ళు తెరిచాడు.

"నకలు చేసేవాళ్ళు గొట్టం పగలకుండా మందంగా చేస్తారు," అంది రయ్యా. "ముందు బరువు ఎక్కువ. గాల్లో వేరే రకంగా తిరుగుతుంది. పండగనాడు మీ చెయ్యి తప్పలేదు షేక్ గారూ. మీ చెయ్యి సరైన చోటికే పోయింది. మీ తుపాకి అక్కడ లేదు."

"పండగనాడా?" ఆయన తుపాకి వంక చూశాడు. "ఖల్ఫాన్‌కి ఇచ్చింది పండగయ్యాక!"

"ఎందుకిచ్చారు?"

"మడమ పగిలింది కదా. బండకి తగిలి ముక్క లేచిపోయింది. అతికించమని..." ఆయన చూపు మడమ మీదికి పోయింది.

రయ్యా మడమ మూలన ఉన్న ఇనప క్లాంపు మరలు తిప్పి విప్పింది. కింద చెక్క ముక్క ఒకటి, పగులు గీత మీద గీత కలిసి, కొత్త జిగురుతో అతుక్కుని ఉంది.

"ఆ ముక్క ఇదే. ఈ తుపాకిదే. మీ ఊరంతా చూస్తుండగా బండకి తగిలింది ఇదే తుపాకి. ఖల్ఫాన్ చేతికి రాకముందే, పండగకి ముందే, మీ ఇంటి గోడ మీదున్నది నకలు. వెండి పట్టీలు మాత్రం మీవే, ఎవరో విప్పి దీనికి తొడిగారు. ఖల్ఫాన్ పట్టీ జరిపి చూసి ఆ సంగతి కనిపెట్టాడు. అందుకే ఫోన్ చేశాడు. మీ పరువు పోకుండా మీ ఒక్కరికే చెబుదామనుకున్నాడు."

కెప్టెన్ ముంధిర్ కలం మూత పెట్టాడు. క్లాంపు చేతిలోకి తీసుకుని, నిపుణుడి నివేదిక మీద పెట్టాడు.

"దొంగ ఖల్ఫాన్ అనుకున్నాను," అన్నాడు షేక్. ఆయన ఇప్పుడు ఎవరితోనూ మాట్లాడటం లేదు. "నా కొడుకు అలానే చెప్పాడు. ఖల్ఫాన్ రమ్మన్న మాట విని వాడు మా బండి తీసుకుని నాకంటే ముందే పోయాడు. పక్కింటివాళ్ళ బండిలో నేను వచ్చేసరికి సందులో మోత వినిపించింది. లోపలికి పోతే నా కొడుకు తుపాకి పట్టుకుని వణుకుతున్నాడు. 'నాన్నా, మన తుపాకి మార్చేశాడు, అడిగితే మీదికొచ్చాడు, పెనుగులాటలో పేలింది' అన్నాడు. నమ్మాను. చేతిలోంచి తీసుకున్నాను. నా చెయ్యి దాని పని అది చేసింది. పక్కన పెట్టాను. ఖల్ఫాన్ కళ్ళు ఇంకా తెరిచే ఉన్నాయి. నా వంకే చూస్తున్నాడు. ఏదో చెప్పబోయాడు. నేను నిలబడలేదు. దొంగ మాట వినేదేముందని వచ్చేశాను."

ఆయన చెయ్యి అతికించిన చెక్క మీద ఉండిపోయింది.

"జనాజాకి కూడా పోలేదు తల్లీ. నేను పోలేదని చూసి ఊళ్ళో ఎవరూ పోలేదు."

"హారిబ్ అని రాయమంటారా?" కెప్టెన్ గొంతు ఈసారి చాలా తగ్గింది.

"రాయండి. ముందు ఖల్ఫాన్ కూతుర్ని పిలిపించండి. ఈ మాట నేను మొదట ఆ పిల్లకి చెప్పాలి. మీ కాగితానికి తర్వాత."

రయ్యా అప్పటికే తలుపు తెరిచింది. బయట బల్ల ఖాళీగా ఉంది. కహ్వా కప్పు నిండుగా, చల్లారిపోయి ఉంది.

"హారిబ్ ఏడి?"

"ఇందాకే వెళ్ళాడు," అన్నాడు గుమాస్తా. "మీరు తలుపేసిన వెంటనే. బండిలో ఏదో మర్చిపోయానన్నాడు."

ఆమె పరిగెత్తుతూ ఫోను తీసింది. తీసేలోపే అది మోగింది.

"అక్కా," నస్రా గొంతు మామూలుగానే ఉంది. "ముహన్నా షేక్ కొడుకు వచ్చాడు. మీరే పంపారట. పటకా తెమ్మన్నారట. తియ్యనా?"

"తియ్యకు. గడియ వేసే ఉందా?"

"ఉంది."

"అలాగే ఉండనీ. తలుపుకి దూరంగా జరుగు. నేను వస్తున్నాను." బండి తలుపు తెరిచింది. తాళంచెవి చేతిలోంచి జారి సీటు కింద పడింది. తడుముకుంటోంది.

"మీరు ఎందుకలా రొప్పుతున్నారు?" నస్రా గొంతు తగ్గించింది. "షేక్ ఏమన్నాడక్కా? మా నాన్న సంగతి తేలిందా?"

"తేలింది. మీ నాన్న దొంగ కాదు. తనని తాను కాల్చుకోలేదు. షేక్ తన నోటితోనే చెప్పాడు. కెప్టెన్ కూడా విన్నాడు."

అటు నుంచి ఊపిరి వినిపించింది, చాలా పొడుగ్గా. రెండు రోజులుగా బిగబట్టినదంతా ఒక్కసారి వదిలినట్టు. దాని వెనకే తలుపు మీద వేళ్ళతో తట్టిన చప్పుడు. మర్యాదగా, మెల్లగా. "నస్రా, తొందరగా తియ్యమ్మా. అక్క ఎదురు చూస్తోంది."

తాళంచెవి దొరికింది. బండి కదిలింది.

"అయితే ఎవరక్కా?"

రయ్యా జవాబు చెప్పలేదు. చెప్పకూడదనుకుంది. కానీ ఎంతసేపు చెప్పకుండా ఉందో, అంతసేపటికే నస్రాకి తెలిసిపోయింది.

"ఇతనేనా?"

"నస్రా, నా మాట విను. నాలుగు నిమిషాలు. నువ్వేం చెయ్యకు. నాలుగు నిమిషాల్లో నేనక్కడ ఉంటాను."

ఫోనుని చెక్క మీద పెట్టిన చప్పుడు. కొట్లో గోడల నిండా తుపాకులున్నాయి. చీలకు తూటాల పటకా వేలాడుతోంది. తుపాకులు బాగుచేసే మనిషి కూతురు ఆ రెండింటి మధ్యా పెరిగింది. రయ్యా ఫోనులోకి అరుస్తోంది. వినేవాళ్ళు లేరు.

గడియ తీసిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. ఆ వెంటనే నస్రా గొంతు, కాస్త దూరం నుంచి, కుదురుగా.

"లోపలికి రా హారిబ్. మా నాన్న ఎక్కడ పడిపోయాడో నువ్వే చూపిద్దువుగాని."